టెండరు వేరొకరిది, ఫైలు మనది: అమెరికాలో ఉమ్మడి కొనుగోలు ఒప్పందాల నిబంధనలు

అమెరికాలో ఒక చిన్న కౌంటీకి (మన జిల్లాలాంటి స్థానిక పాలనా విభాగానికి) అగ్నిమాపక వాహనం కావాలనుకుందాం. సొంతంగా టెండరు పిలవాలంటే స్పెసిఫికేషన్లు రాయాలి, ప్రకటన ఇవ్వాలి, వెండర్ల సందేహాలు తీర్చాలి, బిడ్లు తెరిచి పోల్చాలి, ఓడిపోయినవారు అభ్యంతరం చెబితే దాన్నీ విచారించాలి. కొనుగోళ్లు చూసేవారు ఇద్దరే ఉన్న కార్యాలయానికి ఇది నెలల తరబడి సాగే పని. ఇదే వాహనానికి ఎక్కడో మరో రాష్ట్రంలోని ప్రభుత్వ సంస్థ ముందే టెండరు పిలిచి, వెండర్లను ఎంపిక చేసి, ధరల పట్టిక సిద్ధం చేసి, దేశంలోని ఏ స్థానిక సంస్థ అయినా వాడుకోవచ్చని ఆ ఒప్పందంలోనే రాసి ఉంచింది. కౌంటీ అందులో సభ్యత్వం తీసుకుని ఆర్డరు పెడితే సరిపోతుంది. అక్కడ కోఆపరేటివ్ పర్చేజింగ్ అని పిలిచే ఉమ్మడి కొనుగోలు పద్ధతి స్థూలంగా ఇదే.

ఈ పద్ధతిలో టెండరు శ్రమ ఒకరి నుంచి మరొకరికి బదిలీ అవుతుంది కానీ జవాబుదారీ బదిలీ కాదు. ఒప్పందం ఎవరు కుదిర్చినా, డబ్బు ఎవరి ఖజానా నుంచి వెళ్తుందో వారే ఆ ధర ఎందుకు సమంజసమో, ఆ వెండరునే ఎందుకు ఎంచుకున్నారో తమ ఫైల్లో చూపించాలి. రాష్ట్రాల చట్టాలు, ఫెడరల్ గ్రాంట్ల నిబంధనలు, రవాణా శాఖ సర్క్యులర్లు వేర్వేరు భాషలో చెప్పేది చాలావరకు ఈ ఒక్క విషయాన్నే. ఇది మరిచిపోయినప్పుడే చిక్కులన్నీ మొదలవుతాయి.

ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం ఉన్న తెలుగు పాఠకులకు రేట్ కాంట్రాక్ట్ అనే మాట కొత్త కాదు. కేంద్రంలో ప్రభుత్వ కొనుగోళ్లు చూసే డీజీఎస్ అండ్ డీ అనే సంస్థ దశాబ్దాల పాటు అలాంటి ఒప్పందాలు కుదిర్చింది. 2017 అక్టోబరు 31న ఆ సంస్థ మూతపడే నాటికి, అంతకు ముందు ఏడాది మొదలైన జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్ దాని స్థానంలోకి వచ్చింది. అమెరికా పద్ధతి చూపుకు దీనికి దగ్గరగా ఉన్నా, ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడి రాష్ట్రాలకూ నగరాలకూ, ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలైన పాఠశాల జిల్లాలకూ కలిపి రేట్లు కుదిర్చే ఒకే కేంద్ర సంస్థ లేదు. ఉమ్మడి కొనుగోలు వేదికలు అనేకం ఉన్నాయి, ఒకే వస్తువు నాలుగైదు వేదికల మీద నాలుగైదు ధరలకు దొరకవచ్చు, ఏది వాడుకోవాలో కొనేవారే నిర్ణయించుకోవాలి.

ఆ వేదికల స్వరూపం కూడా ఒక్కటి కాదు. రాష్ట్రాల కొనుగోలు అధికారుల సంఘం నాస్పో 1947లో ఏర్పడింది. పడమటి రాష్ట్రాలు 1993లో మొదలుపెట్టిన కూటమి నుంచి ఎదిగినదే నేటి నాస్పో వాల్యూపాయింట్. ఇక్కడ ఒక రాష్ట్రం లీడ్ స్టేట్‌గా టెండరు పిలుస్తుంది, మరికొన్ని రాష్ట్రాల అధికారులు మూల్యాంకనంలో పాలుపంచుకుంటారు, చివరికి మాస్టర్ అగ్రిమెంట్ కుదురుతుంది. ఆ తర్వాత ఏ రాష్ట్రమైనా తన చట్టానికి తగిన షరతులు చేర్చి పార్టిసిపేటింగ్ అడెండమ్ అనే అనుబంధ ఒప్పందం మీద సంతకం చేస్తేనే అక్కడి కార్యాలయాలు కొనడానికి దారి ఏర్పడుతుంది. మరోవైపు మిన్నెసోటాలో స్టేపుల్స్ అనే చిన్న పట్టణం కేంద్రంగా పనిచేసే సోర్స్‌వెల్ ఆ రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన సేవా సహకార సంస్థ. 2018 వరకు దాని పేరు వేరు. ఓమ్నియా పార్ట్‌నర్స్ వంటి ప్రైవేటు నిర్వాహకులూ ఉన్నారు. అక్కడ టెండరు ఏదో ఒక ప్రభుత్వ సంస్థ పేరుతో జరుగుతుంది, దాని ప్రచారం, నిర్వహణ ప్రైవేటు కంపెనీ చూస్తుంది.

వీటన్నిటికీ ఆదాయం సాధారణంగా అమ్మకాల మీద వచ్చే రుసుము. నాస్పో వాల్యూపాయింట్ ఒప్పందాల్లో అది చాలావరకు పావు శాతం, ఫెడరల్ ప్రభుత్వ కొనుగోళ్లు చూసే జీఎస్ఏ సంస్థ ధరల జాబితాల్లో, అంటే షెడ్యూళ్లలో, 0.75 శాతం. వెండరు కడతాడు కాబట్టి కొనేవారికి ఉచితమని చెబుతారు కానీ, జీఎస్ఏ విషయంలో ఆ రుసుము జాబితా ధరలోనే కలిసి ఉంటుంది. ఎక్కువ మంది కొంటే వేదికకు ఎక్కువ ఆదాయం. ఇందులో తప్పేమీ లేదు. అయితే వేదిక కోరుకునేది అమ్మకాల పరిమాణం, కొనేవారు కోరుకునేది తమ ఒక్క ఆర్డరుకు మంచి ధర. ఈ రెండూ ప్రతిసారీ ఒక్కటి కావు. నిబంధనలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే ముందు ఈ తేడాను గుర్తించాలి.

ఉమ్మడి కొనుగోలు అనే ఒకే పేరు కింద నిజానికి రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. మొదటిది, పది పట్టణాలు కలిసి తమకు మొత్తం రోడ్ల మీద మంచు కరిగించే ఉప్పు ఇన్ని టన్నులు కావాలని లెక్క వేసి ఒకే టెండరు పిలవడం. వెండరుకు పరిమాణం ముందే తెలుసు కాబట్టి ధర తగ్గిస్తాడు. రెండోది, వేరొకరు తమ అవసరానికి కుదుర్చుకున్న ఒప్పందం మీద తర్వాత వచ్చి చేరడం. పిగ్గీబ్యాకింగ్ అని వాడుకలో ఉన్న మాట దీనికే. ఇక్కడ టెండరు నాటికి ఈ కొత్త కొనుగోలుదారు లెక్కలోనే లేడు. వెండరు ఎంత అమ్ముడవుతుందో తెలియకుండా ధర రాసి ఉంటాడు, అందువల్ల జాగ్రత్త కోసం కాస్త ఎక్కువే రాస్తాడు. ‘ఉమ్మడిగా కొంటే చౌక’ అనే మాట మొదటి పద్ధతికి సరిపోయినంతగా రెండోదానికి సరిపోదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి మాట్లాడటం వల్లే ఈ విషయం మీద చర్చ చాలాసార్లు దారి తప్పుతోంది.

ఏ స్థానిక సంస్థ అయినా మొదట చూసుకోవలసింది తమ రాష్ట్ర చట్టం ఇందుకు అనుమతిస్తుందా, ఏ షరతుల మీద అన్నది. వేదిక వెబ్‌సైట్‌లో ‘మీ రాష్ట్రంలో చెల్లుతుంది’ అని రాసి ఉండటం చట్టపరమైన అధికారం కాదు. న్యూజెర్సీ 2011లో తెచ్చిన చట్టం స్థానిక సంస్థలు జాతీయ స్థాయి ఉమ్మడి ఒప్పందాలను వాడుకోవడానికి వీలు కల్పించింది. అయితే సర్వీసు, సామగ్రి, డెలివరీ ఛార్జీలతో సహా అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఖర్చు ఆదా అవుతుందని కొనే ముందే నిర్ధారించుకోవాలని షరతు పెట్టింది. ఆదా అవుతుందని అనుకుంటే చాలదు, ఆ నిర్ధారణకు ఆధారం చూపగలగాలి. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం మరో వైపు నుంచి వస్తుంది. అసలు టెండరు పిలిచిన సంస్థ తనకు వర్తించే చట్టాన్ని పాటించి ఉండాలి, ఆ టెండరు ప్రకటనను ప్రభుత్వ సంస్థో కొనుగోలు సహకార వేదికో నడిపే వెబ్‌సైట్‌లో పెట్టడమో, రాష్ట్ర పోర్టల్‌లో దానికి లింకు ఇవ్వడమో చేసి ఉండాలి. ఒహాయోలోనో టెక్సాస్‌లోనో పిలిచిన టెండరు సంగతి వాషింగ్టన్‌లోని వెండరుకు తెలిసే అవకాశం ఉండాలన్నది దీని ఉద్దేశం. పోటీకి ప్రాణం ప్రకటనే. ప్రకటన ఎక్కడ వచ్చిందో చూపలేని ఒప్పందం ఎంత పెద్ద పేరున్న వేదిక మీద ఉన్నా బలహీనమైనదే.

టెక్సాస్ ఇంకా లోతుకు వెళ్లింది. అక్కడ స్థానిక సంస్థలు ఉమ్మడి కొనుగోలు వేదిక ద్వారా ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ సేవలు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ వృత్తుల వారిని ముందు అర్హతను బట్టి ఎంచుకోవాలి, ధర సంగతి ఆ తర్వాతే మాట్లాడాలి అనేది అక్కడి విధానం కాబట్టి, ధరల జాబితాలోంచి ఇంజినీరును ఎంచుకోవడం దానికి పొసగదు. నిర్మాణానికి సంబంధించిన వస్తువులు, సేవలు 50,000 డాలర్లకు మించి ఈ మార్గంలో కొనాలంటే, ఆ పనికి ఇంజినీరింగ్ లేదా ఆర్కిటెక్చర్ ప్లాన్లు అవసరం లేదనో, అవసరమైతే అవి ఇప్పటికే తయారయ్యాయనో స్థానిక సంస్థ నియమించిన వ్యక్తి లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి.

ఈ నిబంధన ఎందుకు అవసరమో ఒక బడి పైకప్పు ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. పైకప్పు కారుతోంది, వేసవి సెలవుల్లోనే పని పూర్తి కావాలి, టెండరుకు వ్యవధి లేదు. ఉమ్మడి వేదిక మీద ఉన్న కాంట్రాక్టరు వచ్చి చూసి, యూనిట్ ధరల పుస్తకం తెరిచి, ఎన్ని చదరపు అడుగులు, ఏ పొర, ఎంత మందం అని లెక్క వేసి, తన బిడ్‌లో రాసిన గుణకంతో హెచ్చవేసి కొటేషన్ ఇస్తాడు. యూనిట్ ధరకు పోటీ జరిగింది, నిజమే. కానీ ఎన్ని యూనిట్లు కావాలి, పాత పొర మొత్తం తీయాలా, మరమ్మతు సరిపోతుందా అనే నిర్ణయం పని చేసే కాంట్రాక్టరు చేతిలోనే ఉంటే, పోటీలో నెగ్గిన ధర వల్ల బడికి ఒరిగేదేమీ ఉండదు. పరిమాణాన్ని, పని స్వభావాన్ని కాంట్రాక్టరుకు సంబంధం లేని మనిషి ముందే తేల్చి కాగితం మీద పెట్టాలని చట్టం పట్టుబట్టడానికి కారణం ఇదే. ఉమ్మడి ఒప్పందాల నిబంధనల్లో ఎక్కువ మేలు చేసేది, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా ఈ రకం నిబంధనే.

ఫెడరల్ గ్రాంటు డబ్బు కలిసిందంటే రాష్ట్ర చట్టం ఒక్కటే సరిపోదు. గ్రాంట్లన్నిటికీ వర్తించే యూనిఫాం గైడెన్స్ అనే నియమావళి, 2024లో సవరించిన రూపంలో అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రాష్ట్రాలు, ఆ సవరణ తర్వాత స్థానిక అమెరికన్ తెగల ప్రభుత్వాలు సొంత కొనుగోలు విధానాలనే పాటించవచ్చు. కౌంటీలు, నగరాలు, పాఠశాల జిల్లాలు, విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని సంస్థలు మాత్రం ఆ నియమావళిలోని కొనుగోలు నిబంధనలను పాటించి తీరాలి. ఒకే ఒప్పందం మీద రాష్ట్ర శాఖ చేసిన కొనుగోలు నిక్షేపంగా చెల్లి, పక్కనే ఉన్న నగరం చేసిన కొనుగోలు ఆడిట్‌లో ఇరుక్కోవడానికి కారణం చాలాసార్లు ఈ తేడాయే.

ఉమ్మడి ఒప్పందాలను ఆ నియమావళి ప్రోత్సహిస్తుంది, నిరుత్సాహపరచదు. అయితే పోటీ జరిగిందన్న విషయం పత్రాల్లో కనిపించాలి. ఏ పద్ధతిలో కొన్నారు, ఒప్పందం రకం ఏమిటి, వెండరును ఎందుకు ఎంచుకున్నారు, ధరకు ఆధారం ఏమిటి అనే నాలుగింటికీ ఫైల్లో సమాధానం ఉండాలి. సరళీకృత కొనుగోలు పరిమితిగా పిలిచే మొత్తం 2025 అక్టోబరు 1 నుంచి 2,50,000 డాలర్ల నుంచి 3,50,000 డాలర్లకు పెరిగింది. దానికి మించిన ప్రతి కొనుగోలుకూ ధర లేదా ఖర్చు విశ్లేషణ తప్పనిసరి. అయిన ఖర్చు మీద శాతం లెక్కన లాభం ఇచ్చే ఒప్పందం అసలే కుదరదు. గ్రాంటు డబ్బుతో చేసే ఒప్పందాల్లో ఉండాల్సిన షరతులు ఆ నియమావళి అనుబంధం 2లో ఉన్నాయి, అసలు ఒప్పందంలో అవి లేకపోతే ఆర్డరు సమయంలోనైనా చేర్చుకోవాలి. టెండరు పిలిచిన సంస్థ కేవలం తన సొంత నిధులను దృష్టిలో పెట్టుకుని పిలిచి ఉంటే ఇవి అందులో ఉండకపోవచ్చు. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది మాత్రం గ్రాంటు తీసుకున్నవారే.

తుపాన్లూ వరదలూ వచ్చినప్పుడు ఇది మరీ తీవ్రంగా కనిపిస్తుంది. శిథిలాలు తొలగించాలి, జనరేటర్లు కావాలి, టెండరుకు వేళ లేదు. తక్షణ అత్యవసరంలో పోటీ లేకుండా కొనడానికి నియమావళిలోనే వెసులుబాటు ఉంది, కానీ అది ఆ అత్యవసరం ఉన్నంత వరకే. తర్వాత ఫెడరల్ విపత్తు సహాయ సంస్థ ఫెమా ఆ ఖర్చులో కనీసం 75 శాతం భరించే దశలో ఫైళ్లు తెరుచుకుంటాయి. అసలు ఒప్పందం ఇతరులు వాడుకోవడానికి వీలిస్తోందా, టెండరులో చెప్పిన పనే జరిగిందా, పరిమాణం మొదట అనుకున్నదానికి లోబడి ఉందా అని అడుగుతారు. సరైన జవాబు లేకపోతే పని నిజంగా జరిగినా, డబ్బు నిజంగా ఖర్చయినా, ఆ భారం స్థానిక సంస్థ మీదే పడవచ్చు.

రవాణా శాఖ దగ్గర ఈ పరిమాణం విషయం మరింత స్పష్టంగా ఉంటుంది. ఒక నగర రవాణా సంస్థ 40 బస్సులకు ఆర్డరిచ్చి, అవసరమైతే మరో 20 తీసుకునే హక్కు ఒప్పందంలో ఉంచుకుందనుకుందాం. తనకు ఆ 20 అక్కర్లేదని తేలితే, ఒప్పందంలో అనుమతి ఉన్న పక్షంలో వాటిని మరో నగరానికి బదిలీ చేయవచ్చు. కానీ ఆ 61వ బస్సు? టెండరులో లేని బస్సును తగిలించడాన్ని ట్యాగ్-ఆన్ అంటారు, ఫెడరల్ ట్రాన్సిట్ అడ్మినిస్ట్రేషన్ దాన్ని అంగీకరించదు. అలాగే ఎవరికో ఇవ్వవచ్చులే అని మొదట్లోనే అవసరానికి మించి సంఖ్య రాసుకోవడమూ కుదరదు. రాష్ట్రాలు నడిపే ఉమ్మడి ఒప్పందాలకు 2015 నాటి ఫాస్ట్ చట్టం దారి తెరిచింది. తొలి గడువు రెండేళ్లకు మించకూడదని, ఆ తర్వాత ఏడాది చొప్పున మూడుసార్లే పొడిగించవచ్చని, మొత్తం ఐదేళ్లు దాటకూడదని కూడా అదే చెప్పింది. ధరలు పాతబడిపోయిన ఒప్పందం మీద ఏళ్ల తరబడి ఆర్డర్లు పెట్టే అలవాటుకు ఇది గట్టి కట్టడి.

ఫెడరల్ ప్రభుత్వం తన సొంత ధరల జాబితాలను, అంటే జీఎస్ఏ షెడ్యూళ్లను, రాష్ట్రాలకు తెరిచిన కథ కూడా చెప్పుకోదగ్గది. 1994లోనే చట్టం అందుకు అనుమతించింది. ఔషధ, వైద్య పరికరాల పరిశ్రమల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది, అమలు ఆగింది, 1997లో ఆ అధికారాన్నే రద్దు చేశారు. ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చే ధర దేశంలోని ప్రతి కౌంటీ ఆసుపత్రికీ ఇవ్వాల్సి వస్తే, ఆ ధరే ఇక అంత తక్కువగా ఉండదన్నది ఆ చర్చలో బలంగా వినిపించిన వాదన. వ్యాపార ప్రయోజనం ఉన్నవారి నోట వచ్చినా, ఆ వాదనలో ఆర్థికంగా పస లేదని చెప్పలేం. 2002 చట్టంతో సమాచార సాంకేతికత వరకు మళ్లీ తలుపు తెరిచారు, 2008లో భద్రత, పోలీసు సామగ్రి చేరింది, విపత్తుల కోసం వేరే మార్గం ఏర్పడింది. ఇవాళ్టికీ ఆ జాబితా మొత్తం స్థానిక ప్రభుత్వాలకు అందుబాటులో లేదు, పైగా స్థానిక సంస్థ ఆర్డరు తీసుకోవాలా వద్దా అన్నది వెండరు ఇష్టం.

ఇక ధర. జాబితాలో ఉన్నది చాలావరకు గరిష్ఠ ధరే. అంతకు మించి వసూలు చేయకూడదని వెండరుకు హద్దు ఉందే తప్ప, అంత చెల్లించి తీరాలని కొనేవారికి ఎవరూ చెప్పలేదు. ‘కేటలాగ్ ధర మీద ఇంత శాతం తగ్గింపు’ అనే ఒప్పందాల్లో, కేటలాగ్ ధరను నిర్ణయించేదీ పెంచేదీ వెండరే కాబట్టి, శాతం మారకుండానే బిల్లు పెరగవచ్చు. లాస్ ఏంజెలెస్ కౌంటీ లీడ్ ఏజెన్సీగా, అంటే అందరి తరఫున టెండరు పిలిచిన సంస్థగా, కుదిరిన ఒక ఆఫీసు సామగ్రి ఒప్పందంలో, ప్రభుత్వ సంస్థలకు ఇస్తామని హామీ ఇచ్చిన అతి తక్కువ ధర తమకు అందలేదని కాలిఫోర్నియాలోని స్థానిక సంస్థల తరఫున దావా పడింది. గత దశాబ్దం మధ్యలో అది 6.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుతో ముగిసింది. అది రాజీయే కానీ కోర్టు తీర్పు కాదు. అయినా అందులో గమనించాల్సింది ఒకటుంది. కాగితం మీద హామీ ఉంది, పేరున్న లీడ్ ఏజెన్సీ ఉంది, ఎందరో కొనుగోలుదారులున్నారు. బిల్లును ఒప్పందంతో వరుస వరుసగా సరిచూడటం మాత్రం ప్రతి ఒక్కరూ ఇంకొకరు చేస్తున్నారనుకున్న పని.

దీనికి ఉన్నవాటిలో మెరుగైన విరుగుడు రెండో దశ పోటీ. టెక్సాస్ సమాచార వనరుల శాఖ, అంటే అక్కడి ఐటీ రంగంలోని తెలుగువారికి బాగా తెలిసిన డీఐఆర్, వెండర్లతో ముందే ఒప్పందాలు చేసుకుని ఉంచుతుంది. ఐటీ సిబ్బందిని సమకూర్చే ఒప్పందాల్లో ఒక్కో స్థాయికి గంటకు గరిష్ఠ రేటు ఉంటుంది. అయినా రాష్ట్ర శాఖలు 50,000 డాలర్లు దాటిన కొనుగోలుకు కనీసం ముగ్గురు వెండర్ల నుంచి, 10 లక్షల డాలర్లు దాటితే కనీసం ఆరుగురి నుంచి మళ్లీ ధరలు అడగాలని చట్టం చెబుతోంది. ఒక పని కోసం వెండర్లు గరిష్ఠ రేటుకన్నా కిందికి దిగి పోటీ పడటం వెనుక ఉన్నది ఈ నియమమే. జాబితాలో చోటు దొరకడం మొదటి మెట్టు మాత్రమేననీ, అసలు ధర తేలేది ఆర్డరు దగ్గరేననీ చట్టంలోనే రాసిపెట్టిన ఈ పద్ధతి మిగతా రాష్ట్రాలు అనుసరించదగ్గది.

ఇంతకీ ఫైల్లో ఏముండాలి? ఆడిటరు వచ్చి తెరిచినప్పుడు మొదట కనిపించాల్సింది అసలు టెండరు పత్రం, దాని ప్రకటన, ఎవరెవరు బిడ్ వేశారో చూపే పట్టిక, ఎంపికకు కారణాలు రాసిన పత్రం. చాలా ఫైళ్లలో వీటికి బదులు వేదిక వెబ్‌సైట్ నుంచి ప్రింటు తీసిన ఒక పేజీ, ఒప్పందం నంబరు, వెండరు కొటేషన్ మాత్రమే దొరుకుతాయి. ఒప్పందం నంబరు పోటీకి సాక్ష్యం కాదు. దాని తర్వాత అనుబంధ ఒప్పందం లేదా సభ్యత్వ పత్రం, ఆర్డరు తేదీ నాటికి అమల్లో ఉన్న ధరల పట్టిక, ఆ పట్టికలోని ఏ వరుసకు కొటేషన్‌లోని ఏ వరుస సరిపోతుందో గుర్తు పెట్టిన కాగితం ఉండాలి. పట్టికలో లేని వస్తువు కొటేషన్‌లో ఒక్కటి ఉన్నా, ఆ ఒక్కదానికీ పోటీ జరగలేదనే లెక్క. ‘ఓపెన్ మార్కెట్ వస్తువులు’ అనే శీర్షిక కింద ఇవి చివరి పేజీలో చేరడం మామూలు, కాబట్టి కొటేషన్‌ను చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టే అధికారి తెలివైనవాడు. మరో వేదిక ధరతోనో స్థానిక వెండరు ధరతోనో పోల్చిన ఒక్క పేజీ నోట్ వీటన్నిటికీ పైన ఉండాలి. ఒక పూట పని ఇది, మిగిలిన నెలల శ్రమను ఒప్పందం ఎలాగూ తప్పించింది.

స్థానిక వెండర్ల మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. జాతీయ టెండరులో బిడ్ వేయాలంటే దేశమంతటా సరఫరా చేయగలగాలి. పట్టణంలో ఇరవై ఏళ్లుగా బడికి ఫర్నిచరు ఇస్తున్న దుకాణానికి ఆ స్తోమతు ఉండదు. అలాంటి వారు పోటీలో ఓడిపోవడం లేదు, పోటీ జరుగుతోందనే వారికి తెలియడం లేదు. దీనికి నిబంధనలు ఇంకా సరైన సమాధానం చెప్పలేదు. వాషింగ్టన్ రాష్ట్ర చట్టంలోని ప్రకటన షరతు కొంతవరకే పనికొస్తుంది.

టెక్సాస్ విద్యా నియమావళిలో మరో నిబంధన ఉంది. 25,000 డాలర్లు లేదా అంతకు మించిన ఉమ్మడి కొనుగోలు ఒప్పందాల మీద పాఠశాల జిల్లా చెల్లించే నిర్వహణ రుసుము వంటివన్నీ నమోదు చేయాలి. ఆ మొత్తం ఎంత, దేనికోసం, ఎక్కడికి వెళ్లింది అనే వివరాలతో ఏటా లిఖితపూర్వక నివేదికను ట్రస్టీల బోర్డు ముందు బహిరంగ సమావేశంలో ఉంచాలి. ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి చోట్ల ఇళ్లు కొనుక్కుని ఏటా ఆస్తి పన్ను కట్టే తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, ఆ పన్నులో పెద్ద భాగం వెళ్లేది పాఠశాల జిల్లాలకే. ఆ సమావేశానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, ఆ నివేదికను అడిగి తీసుకోవచ్చు.